టేబుల్ బుక్ చేసే ముందు అమ్మను అడగండి

వేసవి వస్తే తిరుపతిలో మా వీధి పెద్దవాళ్ళు పిల్లల దగ్గరికి ప్రయాణమవుతారు. డాలస్, లండన్, పారిస్, సింగపూర్. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పెళ్ళయినవాళ్ళు చాలామందే కాబట్టి పెళ్ళిరోజు కూడా అక్కడే వస్తుంది. పిల్లలు ముచ్చటపడి పేరున్న రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేస్తారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ బుక్ చేసే ముందు అమ్మను అడగండి. నాన్నను కాదు, అమ్మను.

మా పక్కింటి అక్క నీచు ముట్టదు. ఆయన తింటాడు. ఆదివారం నాటుకోడి పులుసు, రాగిసంగటి చేసి ఆయనకు వడ్డించి, తాను ఊరిబిండి వేసుకుని తినే మనిషి. పోయినేడు వాళ్ళ పెళ్ళిరోజుకు కొడుకు పారిస్‌లో మంచి పేరున్న చోటికి తీసుకెళ్ళాడు. వెజిటేరియన్ అని ముందే చెప్పాడు కూడా. పుట్టగొడుగుల రిసోటో (ఇటలీ వాళ్ళ అన్నం వంటకం) వచ్చింది. రెండు చెంచాలు తిన్నాక, పైన వేసిన చీజ్ ఏమిటని అక్క అడిగింది. పర్మెజాన్ అన్నారు. ఆ చీజ్ చేసేటప్పుడు పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వేస్తారు. ఆ మాట తెలిశాక ఆమె చెంచా పక్కన పెట్టేసింది. మిగతా విందంతా బ్రెడ్డూ వెన్నా. అమ్మ పళ్ళెం చూస్తూ ఆ పిల్లవాడికీ ముద్ద దిగలేదట.

అందుకే అంటాను, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పట్టింపులున్నాయో వాళ్ళ దగ్గర్నుంచి ఎంపిక మొదలవ్వాలి. మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎక్కువగా అమ్మే. జీవితమంతా ఆయన నోటికి రుచిగా వండింది. ఈ ఒక్క పూటైనా ఆమెకేం కావాలో ముందు తెలుసుకోవద్దా?

వెజిటేరియన్ అని ఒక్క మాట చెప్తే సరిపోదు. జపాన్ వంటల్లో దాషి అనే చారుకు ఎండు చేప వాడతారు, మీసో సూప్‌లోనూ అదే ఉంటుంది. థాయ్ కూరగాయల వేపుళ్ళలో చేపల సాస్ పడుతుంది. మెక్సికన్ బీన్స్‌ను పంది కొవ్వుతో వండేవాళ్ళున్నారు. కాబట్టి చేప, మాంసం, గుడ్డు, రెనెట్ వేసిన చీజ్ వద్దని ఒక్కొక్కటీ పేరు పెట్టి, ఆ ఊరి భాషలో రెండు రోజుల ముందే రెస్టారెంట్‌కు రాయండి. వీలుకాదని వాళ్ళు చెప్తే మంచిదే, ఇంకో చోటు వెతుక్కోవచ్చు.

మిషెలిన్ స్టార్ గురించి కూడా చెప్పాలి. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో మొదలుపెట్టిన గైడ్, 1926 నుంచి మంచి రెస్టారెంట్లకు స్టార్లు ఇస్తోంది. స్టార్ ఇచ్చేది పళ్ళెంలో ఉన్న వంటకే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మూడు గంటలు ఆ కుర్చీలో కూర్చోగలదా అన్నది మీరే చూసుకోవాలి. అలాగని స్టార్ ఉన్న చోట మనకు తిండి దొరకదనీ కాదు. పారిస్‌లో మూడు స్టార్ల ఆర్పేజ్ రెస్టారెంట్ 2001లోనే ఎర్ర మాంసం మానేసి కూరగాయలకు పెద్దపీట వేసింది. ఖర్చు మాత్రం మనిషికి వందల యూరోలు.

ఇదంతా ఎందుకు, ఇండియన్ రెస్టారెంట్‌కు పోతే పోలా అంటారు కొందరు. నేనొప్పుకోను. అంత దూరం వెళ్ళింది పప్పన్నం తినడానికా? అక్కను అడిగితే ఏం చెప్పిందో తెలుసా? నది కనబడే చోట ఆయన పక్కన కూర్చుని, వేడివేడిగా ఏదైనా తినాలని ఉండిందట. పారిస్‌లో అది కష్టమేమీ కాదు. మరే పేటలో ర్యూ దే రోజియే అనే వీధి ఉంది, ఫలాఫెల్‌కు పేరు. శనగలు రుబ్బి నూనెలో వేయిస్తారు, మన మసాలా వడకు దగ్గరి చుట్టంలా ఉంటుంది. పొట్లం కట్టించుకుని మెల్లగా నడిచినా కాసేపట్లో సేన్ నది ఒడ్డుకు చేరొచ్చు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురుంటుంది.

ఇంకొకటి, తేదీ. మా వైపు శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు చాలామంది. పెళ్ళిరోజు శనివారం పడితే ఆ రాత్రి విందు పెట్టకండి. ముందురోజు పెడదామా అంటే, ఫలాఫెల్ అమ్మే ఆ వీధిలో యూదుల దుకాణాలు వాళ్ళ సబ్బాతు (వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం) కోసం శుక్రవారం సాయంత్రం మూసేస్తారు, శనివారం కూడా తెరవరు. ఆదివారానికి మార్చుకోవడమే మేలు. పెద్ద రెస్టారెంటే కావాలంటే ముందు కనుక్కోండి, పారిస్‌లో ఆది, సోమవారాలు మూసే చోట్లు చాలా ఉన్నాయి.