తొమ్మిదేళ్లు దాచిన ఎత్తు

చదరంగం ఒంటబట్టాలంటే పాత ఆటలు చదవాలని పెద్దలంటారు. చదువుతున్నాను. 1918 అక్టోబర్ 23, న్యూయార్క్ టోర్నీ. తెల్లపావులు క్యూబా దిగ్గజం కాపాబ్లాంకావి, నల్లపావులు అమెరికా ఆటగాడు ఫ్రాంక్ మార్షల్‌వి. ఎనిమిది నెలలుగా నాకు ఇదొక్కటే ఆట.

1909 మ్యాచ్‌లో మార్షల్ కాపాబ్లాంకా చేతిలో 8 ఓడి, ఒక్కటి గెలిచాడు. 14 డ్రాలు. ఆ కసితో, తెల్లపావులవాడు రాజు ముందు బంటు జరిపి మొదలుపెట్టే రుయ్ లోపెజ్ ఓపెనింగ్‌లో (ఆట ఆరంభించే పద్ధతిలో) ఒక రహస్యాస్త్రం తయారుచేసి తొమ్మిదేళ్లు దాచాడని కథ. మా ఇంట్లో ఆవకాయ కూడా అన్నేళ్లు ఆగదు. నిజానికి ఆ ఎత్తును అంతకుముందే ఆడిన ఆటలు దొరికాయట. దొరికితే దొరకనీ, నా సాధనకు తొమ్మిదేళ్ల కథే అచ్చొచ్చింది.

8వ ఎత్తులో మార్షల్ మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నెట్టాడు. నాలుగు ఎత్తులు తిరక్కుండానే ఒక బంటు ధారపోసి దాడికి దిగాడు. గుర్రం, శకటు, మంత్రి అన్నీ తెల్లరాజు గుమ్మం ముందు చేరాయి. కాపాబ్లాంకా ఇంటి దగ్గర ఏ ప్రిపరేషనూ చేసుకుని రాలేదు. అక్కడికక్కడే ఆలోచించి, దెబ్బలన్నీ కాచుకుని, 36వ ఎత్తుకు గెలిచేశాడు.

ఇక ఈ దాడికి పేరు పెట్టాలి. గెలిచినవాడి పేరు పెడతారని మీరనుకుంటారు. మార్షల్ అటాక్ అని పెట్టారు! ఓడిపోయి పేరు తెచ్చుకునే మార్గం కూడా ఉందని తెలిశాక నా చదువు మరింత ఊపందుకుంది. (11వ ఎత్తులో మార్షల్ గుర్రాన్ని వెనక్కి లాగే బదులు బంటు జరపడం మేలని తర్వాత తేలింది. అది కూడా బట్టీ పట్టాను.) 1993 ప్రపంచ టైటిల్ పోరులో కాస్పరోవ్ అంతటివాడు ఇంగ్లండ్ ఆటగాడు షార్ట్ మీద 8వ ఎత్తులోనే అంచు బంటు జరిపి ఈ దాడిని తప్పించుకున్నాడు. ఇక నన్ను ఎదుర్కొనేదెవరు?

రోజూ రాత్రి ఫోన్‌లో చదరంగం ఇంజిన్ (ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే ప్రోగ్రాం) పెట్టుకుని కాపాబ్లాంకా తప్పులు దిద్దుతుంటాను. ఇంజిన్ మొహం చిట్లిస్తే నేనూ చిట్లిస్తాను. "ఇంత చిన్న విషయం చూసుకోలేదా అయ్యా!" అని ఆయన్ను మందలించాక గానీ నాకు నిద్ర పట్టదు.

పోయిన ఆదివారం పక్కింటి ఆరో తరగతి పిల్లాడితో కూర్చున్నాను. నల్లపావులు నేనే అడిగి తీసుకున్నాను. వాడు మొదటి ఎత్తుకే రాజు ముందు బంటును వదిలేసి మంత్రి ముందు బంటును జరిపాడు. నా 8వ ఎత్తు జేబులోనే ఉండిపోయింది. 19 ఎత్తులకు ఆట ముగిసింది.

"అంకుల్, మళ్లీ ఆడదామా?" అన్నాడు.

పనుందన్నాను. మార్షల్ తొమ్మిదేళ్లు ఆగాడు. నాకింకా ఎనిమిదేళ్ల నాలుగు నెలలు టైముంది.