బటన్ నొక్కితే ఊరంతా వినాలి

వెబ్ పేజీలో ఒక బటన్ నొక్కడం కేవలం వ్యక్తిగత వ్యవహారమని నమ్మే అమాయకులు ఇంకా మన మధ్య ఉన్నారు. నొక్కింది నేను, నొక్కించుకున్నది అది, మధ్యలో మూడోవాడికేం పని అన్నది వారి వాదన. బ్రౌజర్ రాజ్యంలో ఈ వాదన చెల్లదు. అక్కడ ఎవరు ఏది నొక్కినా, ఆ బటన్‌కు పైనున్న తాతముత్తాతలందరికీ కబురు అందవలసిందే.

కబురు నడిచే దారి చూడండి. మీరు పేజీలో ఏ మూలనో ఉన్న బటన్‌ను నొక్కుతారు. ఆ క్లిక్ నేరుగా బటన్ దగ్గరికి వెళ్లదు. మొదట పేజీ అంతటికీ పెద్దదిక్కయిన విండో ముందు హాజరవుతుంది. అక్కడినుంచి డాక్యుమెంటు, హెచ్‌టీఎంఎల్, బాడీ, ఆ తర్వాత ఎవరు ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేని పదిపదిహేను పెట్టెల, అనగా డివ్‌ల గడపలన్నీ తొక్కి, చివరికి బటన్‌ను చేరుకుంటుంది. ఇది క్యాప్చరింగ్. పని అయిపోయింది కదా అని ఊరుకోకుండా, వచ్చిన దారినే మళ్లీ ఒక్కొక్క గడపా ఎక్కుతూ విండో దాకా వెళ్లి జరిగినదంతా విన్నవించుకుంటుంది. ఇది బబ్లింగ్. దారి పొడవునా చెవులు రిక్కించుకుని కూర్చున్న లిజనర్లందరూ (కబురు అందగానే పనిచేయాలని ప్రోగ్రామర్లు రాసిపెట్టిన కోడు ముక్కలు) వరుసలో ఒకరి తర్వాత ఒకరు తమ పని ముగించుకోవాలి. వారిలో ఒక్కడు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, అతడు లేచేదాకా పేజీ మొత్తం కొయ్యబారిపోతుంది.

ఒక్క నొక్కుడుకు రానూపోనూ ఇంత ప్రయాణం ఎందుకని అడిగేవారికి చరిత్ర తెలియదని అర్థం. 1997లో రెండు పెద్ద బ్రౌజర్ ఇళ్ల మధ్య తగాదా వచ్చింది. కబురు పైనుంచి కిందికి దిగాలని నెట్‌స్కేప్ 4 పట్టుబట్టింది. కాదు, కిందినుంచి పైకి పోవాలని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 భీష్మించింది. వ్యవహారం వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ పంచాయితీకి చేరింది. 2000 నవంబరులో డామ్ లెవెల్ 2 అనే ప్రమాణం పేరిట వెలువడిన తీర్పు పాము చావకుండా, కర్ర విరగకుండా ఉంది: ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. ఎవరికి ఏ దారి ఇష్టమో, లిజనర్‌ను నియమించే ఆదేశమైన యాడ్‌ఈవెంట్‌లిజనర్‌లోని మూడో ఆర్గ్యుమెంటులో చెప్పుకోవచ్చు. అక్కడ ట్రూ అంటే దిగేటప్పుడు వింటానని, ఫాల్స్ అంటే ఎక్కేటప్పుడు వింటానని అర్థం. వాదులాడుకున్నవారు ఇద్దరు, నడవవలసింది మాత్రం క్లిక్. మైక్రోసాఫ్ట్ వారి బ్రౌజర్ ఈ యాడ్‌ఈవెంట్‌లిజనర్‌ను 2011లో, తొమ్మిదో వెర్షన్‌లో గానీ ఒప్పుకోలేదు; అందాకా ప్రోగ్రామర్లు వారి అటాచ్‌ఈవెంట్‌కు ఒకటి, మిగతా లోకానికి ఒకటి చొప్పున ప్రతి పనికీ రెండు వరుసలు రాసుకుని తరించారు.

ఇంత పారదర్శకమైన పాలనలోనూ కొందరు గుట్టుగా ఉంటారు. ఏదైనా గడిలోకి కర్సరు చేరినప్పుడు పుట్టే ఫోకస్ ఈవెంట్ (ఈవెంట్ అంటే ఇలాంటి కబురే) కిందికి దిగుతుంది గానీ పైకి ఎక్కదు. ఎందుకని అడగడం మర్యాద కాదు. పైకి ఎక్కేదే కావాలంటే ఫోకస్‌ఇన్ అనే దాని అక్కగారు వేరే ఉన్నారు.

వినడం వేరు, మన్నించడం వేరు అన్న పరిపాలనా సూత్రాన్ని కూడా బ్రౌజర్లు ఆలస్యంగానైనా ఒంటబట్టించుకున్నాయి. ఫోనులో వేలితో పేజీని జరుపుతుంటే, ప్రివెంట్‌డిఫాల్ట్ (నీ మామూలు పని చేయకు) అంటూ ఎవరైనా అడ్డుపడతారేమోనని బ్రౌజర్ ప్రతిసారీ ఆగి చూడవలసి వచ్చేది. అందుకని 2017లో క్రోమ్ 56 నుంచి, విండో, డాక్యుమెంటు, బాడీల మీద పెట్టిన టచ్ లిజనర్లను అడగకపోయినా పాసివ్‌గానే, అంటే అడ్డుపడే హక్కు లేని శ్రోతలుగానే, లెక్కిస్తున్నారు. వారు వినవచ్చు, అభ్యంతరమూ చెప్పవచ్చు. అభ్యంతరం ప్రోగ్రామర్లు చూసే కన్సోలులో ఒక హెచ్చరికగా నమోదవుతుంది, పేజీ మాత్రం తన దారిన జరిగిపోతుంది.

లిజనర్‌ను నియమించడం తేలిక, తొలగించడం కష్టం. నేను రాసిన ఒక ఆర్డరు పేజీలో, చిన్న పెట్టె తెరుచుకున్న ప్రతిసారీ లోపలి బటన్‌కు ఒక కొత్త లిజనర్ చేరేది. పెట్టె మూసేటప్పుడు రిమూవ్‌ఈవెంట్‌లిజనర్ కూడా బాధ్యతగా రాశాను; ఫంక్షన్ మాత్రం పేరు లేనిది, రెండు చోట్లా అక్షరం పొల్లు పోకుండా మళ్లీ రాసినది. ఒకే పోలికతో పుట్టిన కవలలు ఇద్దరు మనుషులే కదా, బ్రౌజర్ కూడా అదే మాట అని, పాత లిజనర్‌ను కదిలించలేదు. నాలుగోసారి పెట్టె తెరిచి ఒక్కసారి నొక్కిన ఖాతాదారు ఫోను చేసి, “బాబూ, నేనడిగింది కిలో బెల్లం, మీరు పంపింది నాలుగు” అన్నారు. బెల్లం బాగుందని కూడా అన్నారు, అది వేరే సంగతి.

ఊరంతా ఇలా వింటున్నప్పుడు తెలుగువాడు ఏ అక్షరం కొట్టాడో కూడా అందరికీ తెలియాలి కదా. తెలియదు. ఆండ్రాయిడ్ కీబోర్డు మీద తెలుగు టైపు చేస్తుంటే, మీట నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్ తరచుగా 229 అనే అంకెను చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. ‘క’ కొట్టినా 229, ‘ళ’ కొట్టినా 229. అక్షరం ఇంకా కీబోర్డు చేతిలోనే ఉందని, తేలాక ఇన్‌పుట్ ఈవెంట్ వచ్చి చెబుతుందని దాని భావం. కీడౌన్‌నే నమ్ముకుని అక్షరాలను ఏరి ఆపే ఫారాలు రాసినవారు, మన పేర్లను ఆపాలో వదలాలో తేల్చుకోలేక 229ను చూస్తూ కూర్చుంటారు.

ఈ మధ్య మా జట్టు ఒక జాబితా పేజీ తయారు చేసింది. కార్డు మీద ఎక్కడ నొక్కినా వివరాలు తెరుచుకుంటాయి. మూలన చిన్న డిలీట్ బటన్ ఉంటుంది. డిలీట్ నొక్కితే వస్తువు పోయింది, ఆ వెంటనే పోయిన వస్తువు వివరాలు తెరుచుకున్నాయి. కబురు పైకెక్కి కార్డు చెవిన పడిందన్నమాట. కొత్తగా చేరిన కుర్రాడు స్టాప్‌ప్రోపగేషన్ (కబురు ఇక ముందుకు పోరాదు) అని ఒక్క వరుస రాసి దాని నోరు మూయించాడు. అప్పటినుంచి, బయట ఎక్కడ నొక్కినా మూసుకోవలసిన మెనూ, డిలీట్ నొక్కినప్పుడు మాత్రం మూసుకోవడం మానేసింది. డాక్యుమెంటు దగ్గర కాపున్న దాని లిజనర్ దాకా ఇక కబురు ఎక్కదు మరి. మెనూ బాధ్యత చూసే అమ్మాయి 2000 నాటి తీర్పును మనసారా స్మరించుకుని, మూడో ఆర్గ్యుమెంటులో ట్రూ చేర్చి, దిగే దారిలోనే వినడం మొదలుపెట్టింది. రెండు వారాలు అందరూ సుఖంగా ఉన్నారు. ఆ తర్వాత అమ్మకాల విభాగం వారు బయటినుంచి ఒక ఆఫరు స్క్రిప్టు తెచ్చి పేజీలో పెట్టించారు. ఆఫరు కనబడుతున్నంతసేపూ వినియోగదారు దృష్టి చెదరకూడదన్న సదుద్దేశంతో ఆ స్క్రిప్టు విండో దగ్గరే, దిగే దారిలోనే, ప్రతి క్లిక్‌నూ స్టాప్‌ప్రోపగేషన్‌తో ఆపేస్తోంది. మెనూకు వినబడదు, కార్డుకు వినబడదు, డిలీట్‌కూ వినబడదు. ఆఫరును మూసే ఇంటూ గుర్తు కూడా విండో కిందే ఉంది కనుక దానికీ వినబడదు. ఆఫరు ఇంకా తెరుచుకునే ఉంది.