ఊరికే అన్నారండీ, ఆయ్!

మా గోదావరి వాళ్లకి వెటకారం పుట్టుకతో వస్తుంది, ఒప్పుకుంటాం. కానీ దాన్ని ముందస్తు బెయిలుగా ఎప్పుడు మార్చారో తెలియదు. కొబ్బరికాయలు దొంగిలిస్తే దొంగతనమే, చేపల చెరువు కౌలు ఎగ్గొడితే మోసమే. ఆఫీసులో పక్క సీటు అమ్మాయితో "ఈ చీరలో మీరు ఎదురుగా ఉంటే ఫైళ్లు కదలవండీ" అంటే మాత్రం సరదా. పైగా చివర 'అండీ' ఉంది కదా! అండీ తగిలిస్తే మా వైపు బూతుకి కూడా కండువా కప్పినట్టే.

మొన్న డెల్టాలోనే ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి, మీ ఆఫీసే అనుకోండి) అలాంటివి ఏడాది పాటు విన్న అమ్మాయి ఫిర్యాదు రాసిచ్చింది. వెంటనే విచారణ సంఘం కూర్చుంది. సంఘమంటే మేనేజరు గారు, ఆయన స్నేహితుడు, ఫిర్యాదు ఎవరి మీదో ఆ పెద్దమనిషి, ఆయన తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని, దానికి ఆడమనిషే అధ్యక్షురాలవ్వాలని, కనీసం సగంమంది ఆడవాళ్లు, బయటి సభ్యులొకరు ఉండాలని, పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని ఆపడానికి వచ్చిన 2013 చట్టం అంటుంది. ఇక్కడ బయటినుంచి వచ్చింది పూతరేకులొక్కటే.

"ముందు నోరు తీపి చేసుకోమ్మా" అన్నారు మేనేజరు గారు. పెద్దమనిషి చొక్కా మీద రాలిన పొడి దులుపుకుంటూ "నాకు చెల్లెలు లాంటిదండీ" అన్నాడు. ఫైళ్లని కదలనివ్వని చెల్లెలు! ఎవరో ధైర్యం చేసి పనిచేసే చోట వేధింపుల మీద దేశమంతటికీ నియమాలు పెట్టిన 1997 నాటి సుప్రీంకోర్టు విశాఖ తీర్పు సంగతి ఎత్తితే, "అది విశాఖపట్నం వాళ్లకండీ, మనది గోదావరి జిల్లా" అని మేనేజరు గారు కొట్టిపారేశారు. రాజీ బాధితురాలు అడిగితేనే, అదీ డబ్బు మీద కుదర్చకూడదు అంటుంది చట్టం. పూతరేకుల మీద కుదర్చకూడదని ఎక్కడుంది? నాలుగో రేకు కరిగేసరికి ఫిర్యాదూ కరిగింది. చివరికి తీర్పు ఏమిటంటే, అమ్మాయికి టెన్షన్ ఎక్కువైంది, యోగా చేయాలి.

యోగా! రాత్రి మూడింటికి మెలకువొచ్చి తెల్లారేదాకా ఫ్యాను చూసే మనిషికి, ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపులో తిప్పే మనిషికి, వరండాలో ఆ చెప్పుల చప్పుడు వింటే చేతులు చల్లబడిపోయే మనిషికి యోగా. నేనే ఎక్కడైనా నవ్వానా, నేనే చనువిచ్చానా అని తన మీద తనే విచారణ పెట్టుకుంటోందా పిల్ల, అవతల వాడు గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఆ నిద్రలేమికి లెడ్జరులో రెండు అంకెలు తప్పితే "పని మీద ధ్యాస లేదు" అని మెమో కూడా ఇచ్చారు, సిగ్గులేకుండా. పరిహారం కట్టేటప్పుడు మానసిక వేదన, మానసిక వైద్యం ఖర్చు, దెబ్బతిన్న ఉద్యోగ అవకాశాలు అన్నీ లెక్కలోకి తీసుకోవాలని అదే చట్టంలో రాసుంది. విచారణ నడిచినన్నాళ్లు ఆమెకి మూడు నెలల దాకా సెలవివ్వొచ్చనీ ఉంది, కమిటీ వేయకపోతే యాభై వేల దాకా జరిమానా అనీ ఉంది. ఎవడు చదివాడు? వాళ్లు చదివింది డబ్బా మీద ధర.

అన్నట్టు, ఆ ఆఫీసులో అసలు వెటకారం ఆ అమ్మాయిదే. మేనేజరు గారి సంతకం చూసి "వానపాముకి జ్వరమొచ్చిందండీ" అంటే టీ కుర్రాడు గ్లాసులు వదిలేసి నవ్వేవాడు. ఇప్పుడు గదిలో ఎవరు జోకేసినా అందరూ నవ్వుతారు, తను మాత్రం తలుపు వైపు చూస్తుంది.