రెండు టన్నుల ఉక్కపోత

కాబోయే వియ్యంకుడిగారు వస్తున్నారని హడావిడిగా ఏసీ కొన్నాం. మే నెల, వైజాగ్, గది పదికి పది. షాపు కుర్రాడు "ఒక టన్ను ఏం సరిపోతుంది సార్, రెండు టన్నులు పెట్టించండి, క్షణంలో చల్లబడుతుంది" అన్నాడు. మా ఆవిడ తలూపింది. నా పాత్ర కార్డు గీకడం వరకే.

కుర్రాడు అబద్ధమాడలేదు. నిజంగానే క్షణంలో చల్లబడింది. బావగారు ఉత్తరీయం నిండా కప్పుకుని "శ్రావణంలో పెట్టుకుందామా?" అన్నారు. అంతలో టక్‌మని కంప్రెసర్ ఆగింది. కాసేపటికే ఆయన మెడ జిడ్డోడింది. ఉత్తరీయం తీసి విసురుకుంటూ "ఈ ఉక్కలో ఎందుకు లెండి, మాఘం చూద్దాం" అన్నారు. మళ్లీ టక్. ట్యూబులైటు ఓసారి మిణికింది. ఉత్తరీయం భుజాల మీదికి, ముహూర్తం శ్రావణంలోకి. ఇంకో టక్, మాఘం. మా పిల్ల పెళ్లి థర్మోస్టాట్ చేతిలో పడిందన్నమాట! పళ్లెంలో అప్పడాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. వియ్యపురాలు మాత్రం చల్లగా అడిగారు: "పాత ఏసీనా అన్నయ్యగారూ?"

దాని మీద స్టిక్కర్ కూడా ఇంకా పీకలేదు.

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. మూత తియ్యకుండానే "గ్యాస్ తగ్గింది సార్" అన్నాడు. నిన్నగాక మొన్న బిగించిన ఏసీలో గ్యాస్ ఎక్కడికి పోతుందయ్యా? అతని వెంట వచ్చిన పిల్లాడు బాల్కనీలో డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్ చూపించాడు. అడుగున నాలుగు చుక్కలు. అంత చిన్న గదికి అంత పెద్ద ఏసీ అయితే గాలి ఇట్టే చల్లబడి, కంప్రెసర్ కట్ అయిపోతుందట. గాలిలో తేమ నీరై పైపులోంచి పోవాలంటే కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలట. మధ్యలో ఆగితే, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కాయిల్‌కి పట్టిన తడంతా మళ్లీ గదిలోకే. ఒక టన్నంటే గంటకి 12,000 బీటీయూల వేడిని బయటికి లాగడం, ఈ గదికి అదే ఎక్కువ అన్నాడు. మెకానిక్ వాడి వంక కొరకొరా చూసి, గ్యాస్‌కి ఎంతవుతుందో నాకు చెప్పాడు.

షాపుకి ఫోన్ చేశాను. అదే కుర్రాడు. "బిగించాక వెనక్కి తీసుకోం సార్. మధ్య గోడ తీసేస్తే సరిగ్గా సరిపోతుంది."

స్పీకర్ ఆన్‌లో ఉంది. మా ఆవిడ టేపు పట్టుకుని గోడ కొలుస్తోంది. అవతలిది నా గది.