సవరణ: ట్యాబ్ లాక్ అయితే వెంటనే రీసెట్ కొట్టకండి

ఆండ్రాయిడ్ ట్యాబ్ రీస్టార్ట్ అయ్యాక లాక్ పడి, మెసేజ్‌లు ఆగిపోతే ఏం చేయాలో మొన్న రాశాను. అందులో “ఏదీ పనిచేయకపోతే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి” అన్న వాక్యాన్ని ఇప్పుడు తీసేశాను.

రికవరీ మెనూ (ట్యాబ్ ఆఫ్ చేసి బటన్లు నొక్కి పట్టుకుంటే వచ్చే రిపేర్ మెనూ) నుంచి రీసెట్ చేస్తే ఫొటోలు, ఫైళ్లు పోతాయి గానీ అకౌంట్ తాళం పోదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ అది. ట్యాబ్ దొంగ చేతిలో పడ్డా వాడికి పనికిరాకుండా, అంతకుముందు అందులో ఉన్న గూగుల్ అకౌంట్‌నే మళ్లీ అడుగుతుంది. పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ముందు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మార్చుకోండి. మార్చాక రీసెట్ తప్పదనుకుంటే 24 గంటలు ఆగమని గూగులే చెబుతుంది.

అసలు చాలామంది అకౌంట్ లాక్ అనుకుని టెన్షన్ పడేది మామూలు స్క్రీన్ లాక్ చూసి. రీస్టార్ట్ తర్వాత మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, పిన్నే కొట్టాలి. అప్పటిదాకా యాప్‌ల డేటా చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే యాప్‌లు కూడా చదవలేని రూపంలో, ఉంటుంది. అలారం మోగుతుంది గానీ చాలా యాప్‌లలో మెసేజ్‌లు కనిపించవు. రాత్రి అప్‌డేట్ పడి దానంతటదే రీస్టార్ట్ అయిన ట్యాబ్‌కు పొద్దున్నదాకా ఒక్క మెసేజ్ కూడా రాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. పిన్ కొట్టి కాసేపు ఆగండి, వరసగా వచ్చేస్తాయి.

వాట్సాప్ సంగతి వేరు. ట్యాబ్‌ను ఫోన్‌కు లింక్ చేసి వాడుతుంటే, ఫోన్‌లో 14 రోజులకు మించి వాట్సాప్ తెరవకపోతే ట్యాబ్‌లో లాగౌట్ అవుతుంది. ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి క్యూఆర్ కోడ్ మళ్లీ స్కాన్ చేస్తే చాలు.