బూటింగ్ ఇంత తొందరగా అయిపోతే ఎలా?

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ యూజర్లకు జరుగుతున్న ఒక ఘోర అన్యాయం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు. పవర్ బటన్ నొక్కాక లాగిన్ తెర వచ్చేలోపు పరుగెత్తే అక్షరాలు ఏ రిజల్యూషన్‌లో పరుగెత్తాలో తేల్చడానికి మనిషి ఓ సాయంత్రమంతా ధారపోస్తాడు. తీరా చూద్దామనుకుంటే, ఎస్‌ఎస్‌డీ అనే వేగవంతమైన డిస్క్ పుణ్యమా అని రెప్పపాటులో అంతా అయిపోతుంది.

పాత రోజుల్లో ఈ విద్యకు గౌరవం ఉండేది. కెర్నల్‌కు (లినక్స్ గుండెకాయ అది) ఆదేశాలిచ్చే బూట్ లైన్ చివర విజీఏ=791 అని రాస్తే 1024×768, 16 బిట్ల రంగులు. ఆ 791 ఎక్కడిదంటారా? వెసా అనే డిస్‌ప్లే ప్రమాణం లెక్కలో ఆ మోడ్ (సైజు, రంగుల జత) నంబరు హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో, 117. దానికి లినక్స్ హెక్సాలోనే ఇంకో 200 కలుపుతుంది. వచ్చిన 317ను మామూలు అంకెల్లోకి మారిస్తే 791. నేరుగా 1024×768 అనే రాయనిస్తే పోయేదిగా అనేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

మన గ్రాఫిక్స్ కార్డుకు ఆ మోడ్ లేకపోతే? ‘అన్‌డిఫైన్డ్ వీడియో మోడ్ నంబర్: 317’ అనేది కెర్నల్. మనం రాసింది 791, దాని ఫిర్యాదు 317 మీద. అది వేరే సంగతి. మోడ్‌లు చూడాలంటే ఎంటర్, ముందుకు పోవాలంటే స్పేస్, లేదా 30 సెకన్లు ఆగండి అనేది. ముప్పై సెకన్లు! యంత్రం యంత్రమంతా మన రిజల్యూషన్ కోసం చేతులు కట్టుకుని నిలబడేది.

తర్వాత కెర్నల్‌ను నిద్రలేపే గ్రబ్ 2 అనే ప్రోగ్రామ్ వచ్చింది. సెట్టింగుల ఫైల్లో జీఎఫ్‌ఎక్స్‌మోడ్ దగ్గర సైజు రాసి, పేలోడ్ దగ్గర ‘కీప్’ (అలాగే ఉంచు) అని పెట్టి, అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొట్టాలి. (ఈ చివరిది మరిచిపోయి మానిటర్‌ను తిట్టడం ఆనవాయితీ.) కీప్ అన్నందుకు గ్రబ్ ఆ మోడ్‌ను పదిలంగా కెర్నల్ చేతిలో పెడుతుంది. కానీ 2009లో కెర్నల్ 2.6.29తో కేఎంఎస్, అంటే తెర మోడ్‌ను కెర్నలే పెట్టేసే పద్ధతి, వచ్చిపడింది కదా! గ్రాఫిక్స్ డ్రైవర్ లేస్తూనే మానిటర్ తన గురించి చెప్పుకునే, కనీసం 128 బైట్ల ఈడీఐడీ అనే చిట్టా చదువుకుని, తనకు తోచిన సైజు పెట్టేస్తుంది. వాళ్లలో వాళ్లు మాట్లాడేసుకుంటారు. కరెంటు బిల్లు కట్టేవాణ్ని అడిగిన పాపాన పోరు. పైగా అదే ఫైల్లో ‘క్వైట్ స్ప్లాష్’ అని ఉంటుంది, ఇంత చేసి సైజు కుదిర్చిన అక్షరాలు అసలు కనబడకుండా.

ససేమిరా అనేవాళ్లకు కెర్నల్ లైన్లో నోమోడ్‌సెట్ అని రాసే సత్యాగ్రహం ఉంది. డ్రైవర్ నోరు మూతపడుతుంది, బూట్ అక్షరాలు మన మాట వింటాయి. డెస్క్‌టాప్ కూడా అదే సైజులో ఇరుక్కుని నత్తనడక నడుస్తుందనుకోండి, సూత్రం ముఖ్యమా సుఖం ముఖ్యమా? 4కే మానిటర్ మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించే వర్గం ఇంకొకటి. కెర్నల్‌లో టెర్మినస్ 16×32 ఫాంట్ ఉంటే అదొక్కటి అడిగితే చాలని వీళ్లకు చెప్పకండి. సాయంత్రాలు మిగిలిపోతాయి.

కనుక మా డిమాండ్ ఒక్కటే. మోడ్ కుదిరినా కుదరకపోయినా కెర్నల్ ప్రతి బూట్‌కూ ఆ 30 సెకన్లు ఆగి తీరాలి. తొందరున్నవాళ్లకు స్పేస్ బార్ ఎలాగూ ఉంది.