టులెట్ బోర్డు మీద లేని ప్రశ్న

వివక్ష, సమానత్వం, అంటరానితనం లాంటి మాటలకు మీ వ్యాసంలో ఇచ్చిన అర్థాలు బాగున్నాయి. కానీ ‘పరోక్ష వివక్ష’ను ఒక్క లైన్లో తేల్చేశారు. మాకు ఎక్కువగా తగిలేది అదే మరి.

రెండేళ్ల కిందట గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు వెతుక్కున్నాం. ఒక గేటుకు ‘టులెట్, శాకాహారులకు మాత్రమే’ అని అట్టముక్క వేలాడుతోంది. లోపలికెళ్తే ఓనరుగారు మంచినీళ్లిచ్చి, అద్దె చెప్పి, ‘ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?’ అన్నారు. చెప్పాను. ‘మా అబ్బాయినడిగి ఫోన్ చేస్తాలే’ అన్నారు. ఆ ఫోన్ ఇంకా రాలేదు. మా ఇంట్లో గుడ్డు కూడా తినం అని చెప్పే ఛాన్సే దొరకలేదు!

ఇంటిపేరు అడిగి పంపేయడం నేరుగా చూపే వివక్షే. అట్టముక్క మీది రూలు పరోక్షం: అందరికీ ఒకటే అన్నట్టుంటుంది, దెబ్బ కొందరికే. సైన్యంలో మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా కొలువు) కేసులో 2021లో సుప్రీంకోర్టు ఈ పరోక్ష వివక్షను గుర్తించింది. ఉద్దేశం ఒక్కటే కాదు, ఫలితం చూడాలంది.

కులం, మతం లాంటివి చూసి ఎవరినీ అడ్డుకోకూడదని రాజ్యాంగం 15(2) చెప్పే చోట్లలో దుకాణాలు, హోటళ్లు, బావులు ఉన్నాయి. అద్దె ఇంటి మాట విడిగా లేదు. దాని మీద కూడా రాయండి సార్.